ఇరుగుపొరుగు మధ్య సర్వమత సంభాషణ: మొదటి పిలుపు నుంచి ఆరో సమావేశం దాకా

వేర్వేరు మతాలవారిని ఒకచోట కూర్చోబెట్టి, గొడవ లేకుండా, అలాగని పైపై మాటలతో ముగించకుండా మాట్లాడించడం ఎలా అని మారతహళ్లి, కె.ఆర్.పురం, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే తెలుగువారు కొంతకాలంగా పదే పదే అడుగుతున్నారు. తూర్పు బెంగళూరులోని మా అపార్ట్‌మెంటులో, మరో మతానికి చెందిన ఒక పొరుగావిడతో కలిసి, నాలుగేళ్లుగా ఇలాంటి బృందాన్ని నడుపుతున్నాను. అందులో పనికివచ్చినవాటినీ, చేయి కాల్చుకున్నవాటినీ వరుసగా ఇక్కడ రాస్తున్నాను.

అవసరం గురించి ముందుగా కొంత చెప్పాలి. 2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో హిందువులు 79.8 శాతం, ముస్లింలు 14.2 శాతం, క్రైస్తవులు 2.3 శాతం, సిక్కులు 1.7 శాతం, మిగిలినవారు బౌద్ధులు, జైనులు, ఇతరులు. ఉద్యోగాల కోసం అన్ని వైపుల నుంచీ జనం వచ్చి చేరే బెంగళూరులో వీరంతా ఒకే లిఫ్టులో ఎక్కి దిగుతారు. అయినా పక్క ఫ్లాటువారి మతం గురించి మనకు తెలిసిందేమిటని నిజాయితీగా చూసుకుంటే, అందులో చాలా భాగం వారి నోట విన్నది కాదు, ఎవరో పంపిన ఫార్వర్డులో చదివినది. ఏదో ఒక రాత్రి ఒక పుకారు ఫోనులోకి వచ్చినప్పుడు "ఇది నిజమేనా?" అని చొరవగా అడగగలిగే మనిషి అవతలి మతంలో మనకు ముందే ఉండాలి. ఆ పరిచయం గొడవ మొదలయ్యాక కుదరదు. తీరిక ఉన్నప్పుడే పనిగట్టుకుని పెంచుకోవాలి.

1. ఏం చేయబోతున్నారో ముందే తేల్చుకోండి

సర్వమత సమ్మేళనం వేరు, సంభాషణ వేరు. సమ్మేళనంలో జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ఒక్కో మతపెద్ద పది నిమిషాల ప్రసంగం ఉంటాయి. దానికి దాని స్థానం ఉంది. కానీ అక్కడ ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు, అందువల్ల కొత్తగా తెలిసేదీ తక్కువే.

సంభాషణలో మాట్లాడేది పొరుగువారు. శాస్త్రాన్ని కాకుండా తమ ఇంటి అనుభవాన్ని చెబుతారు. అన్ని మతాలూ ఒకటే అని అందరూ ఒప్పుకోవలసిన పనిలేదు. నిజానికి తేడాలు తేటగా బయటపడినప్పుడే సమావేశం బాగా జరిగినట్టు. వాదనలో నెగ్గడం, మనసు మార్చడం, తీర్మానం చేయడం ఈ మూడూ మీ ఉద్దేశాలు కావని మొదటి రోజే కాగితం మీద రాసుకోండి.

కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుడి శిలాశాసనాలు ఉన్నాయి. వాటిలో పన్నెండోది వాక్కును అదుపులో పెట్టుకోమంటుంది, సందర్భం లేకుండా తన మతాన్ని పొగుడుకోవద్దని, ఇతరుల మతాన్ని కించపరచవద్దని చెబుతుంది. మా నియమాల పత్రానికి తలమానికంగా మేము పెట్టుకున్నది ఆ మాటనే. మన నేల మీద చెక్కిన మాట కాబట్టి ఏ మతంవారూ దాన్ని పరాయిదని అనుకోలేదు.

2. ఎవరిని పిలవాలి, ఎంతమందిని

పిలిచేవారు ఇద్దరుండాలి, వారిద్దరూ వేర్వేరు మతాలవారై ఉండాలి. ఒక్కరే పిలిస్తే అది ఆ మతంవారి కార్యక్రమంగా మారిపోతుంది. ఎంత మంచి మనసుతో పిలిచినా వచ్చినవారు అతిథులుగానే కూర్చుంటారు.

బృందం ఎనిమిది మందికి తగ్గకుండా, పన్నెండు మందికి మించకుండా ఉండాలి. ఏ మతం నుంచీ సగానికి మించి ఉండకూడదు. ఏ మతం నుంచీ ఒక్కరే ఉండకూడదు. ఈ రెండో నియమాన్ని చాలామంది పట్టించుకోరు. పదిమందిలో ఒంటరిగా కూర్చున్న మనిషి తనకు ఇష్టమున్నా లేకపోయినా తన మతానికంతటికీ వకీలు అయిపోతాడు. ఇద్దరుంటే వారిద్దరి మధ్య ఉన్న తేడాలు కూడా బయటికి వస్తాయి. ఒక ముస్లిం ఇంట్లో దర్గాకు వెళ్లడం అలవాటు, మరొక ఇంట్లో అది కూడదు. ఒక క్రైస్తవ కుటుంబంలో మరియమాత పటం ఉంటుంది, మరొక ఇంట్లో ఏ పటమూ ఉండదు. మనింట్లో శివరాత్రి జాగారం ఉంటే ఎదురింట్లో ఏకాదశి ఉపవాసం ఉంటుంది.

మొదటి విడతలో పురోహితులను, ఇమాములను, పాస్టర్లను పిలవవద్దు. వారిమీద అగౌరవంతో చెబుతున్న మాట కాదిది. వారు గదిలో ఉంటే మిగతావారు నోరు విప్పరు, ప్రశ్నలన్నీ వారివైపే తిరుగుతాయి. ఆరు సమావేశాలు పూర్తయ్యాక వారిని గౌరవంగా ఆహ్వానించవచ్చు. దేవుణ్ని నమ్మనివారు ఎవరైనా ఉంటే వారికి కూడా చోటివ్వండి. కనీసం సగంమంది స్త్రీలు ఉండేలా చూడండి, ఎందుకంటే ఇంటి ఆచారం నడిచేది చాలావరకు వారి చేతుల మీదుగానే.

పిలుపు వాట్సాప్‌లో పంపవద్దు. తలుపు తట్టి, ముఖాముఖి అడగండి. మేము అడిగే తీరు ఇది: "అన్నా, నెలకొక శనివారం పదిమందిమి కూర్చుని మా మా ఇళ్లలో పండుగలు, నోములు, ప్రార్థనలు ఎలా జరుగుతాయో చెప్పుకుందామనుకుంటున్నాం. ప్రసంగాలు ఉండవు, ఫొటోలు ఉండవు. ఒక్కసారి వచ్చి చూడండి, నచ్చకపోతే రెండోసారి అడగం." ఆ చివరి మాటకు కట్టుబడి ఉండండి.

పిలిచేటప్పుడు కొన్ని మాటలు నోటి వెంట రాకూడదు:

- రాయలసీమ ముస్లింతో "మీకు తెలుగు ఇంత బాగా వచ్చే!" అనకండి. అది వారి ఊరి భాష కూడా.
- హిందూ పేరున్న క్రైస్తవుణ్ని "మీరు ఎప్పుడు మారారు?" అని అడగకండి. వారి తాత ముత్తాతల నాటి నుంచీ అదే విశ్వాసం అయ్యుండవచ్చు. కాకపోయినా అది మొదటి పరిచయంలో అడిగే ప్రశ్న కాదు.
- "మీవాళ్లలో మీలాంటి మంచివాళ్లు కూడా ఉంటారు" అనే మెచ్చుకోలు వద్దు. ఇది తిట్టుకన్నా లోతుగా గుచ్చుకుంటుంది.
- కులం ఆరా తీయకండి.

3. చోటు, సమయం, తిండి

సగం ప్రయత్నాలు ఇక్కడే చెడిపోతాయి కాబట్టి దీన్ని కొంచెం వివరంగా రాస్తున్నాను.

మొదటి ఆరు సమావేశాలూ ఏ ప్రార్థనా స్థలంలోనూ పెట్టవద్దు, ఎవరి ఇంట్లోనూ పెట్టవద్దు. అపార్ట్‌మెంటు క్లబ్‌హౌస్ గానీ, దగ్గర్లోని గ్రంథాలయపు గది గానీ మంచిది. అసోసియేషన్‌కు ముందుగా ఒక ఉత్తరం రాసి, ఉద్దేశం, తేదీలు, హాజరయ్యేవారి సంఖ్య తెలియజేసి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. నోటిమాట అనుమతి మీద ఆధారపడితే ఎవరో ఒకరు ఫిర్యాదు చేసిన రోజున అది నిలబడదు.

కుర్చీలు గుండ్రంగా వేయండి. వరుసల్లో వేస్తే ముందు కూర్చున్నవారు వక్తలు, వెనుక కూర్చున్నవారు శ్రోతలు అయిపోతారు.

సమయం కుదర్చడం ఒక లెక్క. శుక్రవారం మధ్యాహ్నం జుమ్మా నమాజు, ఆదివారం ఉదయం చర్చి ఆరాధన. సాయంత్రం సూర్యాస్తమయం కాగానే మగ్రిబ్ నమాజు, ఇళ్లలో దీపారాధన వేళ కూడా దాదాపు అదే. నియమం పాటించే జైనులు చీకటి పడ్డాక భోంచేయరు. బెంగళూరులో నవంబరు చివర సూర్యుడు 5.50 ప్రాంతంలో అస్తమిస్తే, జులైలో 6.50 దాకా వెలుగు ఉంటుంది. వీటన్నిటినీ కలిపి చూసి మేము శనివారం మధ్యాహ్నం 3.45కు మొదలుపెట్టి 5.15కు ముగించి, ఆ తర్వాత ఫలహారం పెడుతున్నాం. అసర్ నమాజు చేసుకోవలసినవారికి పక్కన ఒక గది ఖాళీగా ఉంచుతాం. మీ బృందంలో శనివారాన్ని విశ్రాంతి దినంగా పాటించే క్రైస్తవులుంటే ఆదివారం మధ్యాహ్నానికి మార్చుకోండి. తేదీలు ఖరారు చేసేముందు అందరి క్యాలెండర్లూ ఒక బల్ల మీద పరచి చూడటం తప్పనిసరి. ఇస్లామీ సంవత్సరం చాంద్రమానం కావడంతో రంజాన్ ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుగానే వస్తుందని కూడా గుర్తుంచుకోండి. నిరుటి తేదీలను చూసి ఈ ఏడాది పెట్టేస్తే ఉపవాసం ఉన్నవారి ఎదుట పళ్లాలు తెచ్చిపెట్టినవారు అవుతారు.

తిండి విషయంలో మా నియమం సులువైనది: శాకాహారం మాత్రమే, అందులో కనీసం ఒకటి ఉల్లి, వెల్లుల్లి, దుంపలు లేనిది, గుడ్డు వేసిన కేకు ఒక్కటే మినహాయింపు, దానికి వేరే పళ్లెం, అన్నిటికీ పేరు రాసిన చీటీ. అటుకుల ఉప్మా, అరటిపండ్లు, ఖర్జూరాలు, టీ సరిపోతాయి. అయ్యప్ప మాల వేసుకున్నవారు, ఈస్టర్‌కు ముందు వచ్చే లెంట్ ఉపవాస కాలంలో నియమం పాటించేవారు ఏమీ ముట్టకపోతే బలవంతం చేయకండి. "కొంచెమైనా తినండి" అనే మన ఇళ్లలోని మర్యాద ఇక్కడ ఇబ్బందిగా మారుతుంది.

నైవేద్యం పెట్టిన పదార్థాన్ని సమావేశానికి తేవద్దు. దీని వెనుక ఒక సంగతి ఉంది, అది ఆరో భాగంలో చెబుతాను.

4. నియమాల పత్రం

ఒక పేజీ మించకూడదు. పెద్ద అక్షరాలతో తెలుగులో రాయండి. కన్నడం, దక్కనీ ఉర్దూ మాత్రమే సౌకర్యంగా ఉండేవారికి పక్కన కూర్చుని చెప్పే మనిషిని ఏర్పాటు చేయండి. మా పత్రంలో ఉన్నవి ఇవి:

1. "నేను", "మా ఇంట్లో" అని మాట్లాడతాను. "మీవాళ్లు" అనే మాట వాడను.
2. ఎక్కడో ఎవరో చేసినదానికి ఇక్కడ ఉన్నవారిని జవాబు అడగను.
3. నా మతంలోకి రమ్మని ఇక్కడ ఎవరినీ పిలవను, ఎవరి మతాన్నీ వదలమనను.
4. ఇక్కడ విన్నది వారి అనుమతి లేకుండా బయట చెప్పను, రికార్డు చేయను.
5. పార్టీల పేర్లు, నాయకుల పేర్లు ఎత్తను.
6. ఏ ప్రశ్నకైనా "చెప్పదలచుకోలేదు" అనే హక్కు అందరికీ ఉంది. ఎందుకని ఎవరూ అడగరు.

మూడో నియమం గురించి కొందరు అభ్యంతరం చెబుతారు. రాజ్యాంగంలోని 25వ అధికరణం మతాన్ని నమ్మడానికి, ఆచరించడానికి, ప్రచారం చేయడానికి హక్కు ఇచ్చింది కదా అంటారు. ఇచ్చింది, ఆ హక్కు గది బయట అలాగే ఉంటుంది. ఈ గంటన్నరలో మాత్రం దాన్ని పక్కన పెడతామని మనకు మనం ఒప్పుకుంటున్నాం. అదే రాజ్యాంగంలోని 51ఏ అధికరణం మతం, భాష, ప్రాంతం తేడాలకు అతీతంగా సామరస్యాన్ని, సోదరభావాన్ని పెంపొందించడం పౌరుల విధి అంటుంది. ఈ రెండు అధికరణాలనూ పత్రం వెనుక అచ్చువేసి ఉంచితే వాదన అక్కడితో ఆగుతుంది.

5. గంటన్నర నడిచే వరుస

పదిమంది ఉన్నారనుకుని ఈ లెక్క వేశాను.

- మొదటి 10 నిమిషాలు కుశల ప్రశ్నలు.
- 5 నిమిషాలు నియమాలు చదవడం. ప్రతిసారీ ఒక కొత్త గొంతు చదవాలి.
- 40 నిమిషాలు వంతులు: ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు, మధ్యలో ఎవరూ మాట్లాడరు.
- 20 నిమిషాలు తిరిగి చెప్పడం.
- 10 నిమిషాలు ప్రశ్నలు.
- చివరి 5 నిమిషాలు తర్వాతి తేదీ, తర్వాతి ప్రశ్న ప్రకటన.

వంతుల దగ్గర గడియారం చూసే బాధ్యత ఒకరికి అప్పగించండి. నాలుగు నిమిషాలు నిండగానే చిన్న గంట మోగాలి, ఎంత పెద్దవారికైనా మోగాలి. మాట రానివారు మౌనంగా కూర్చున్నా ఆ నాలుగు నిమిషాలు వారివే. మౌనంగా ఉన్నవారు మూడో నిమిషంలో చెప్పిన మాటే ఆ రోజుకు గుర్తుండిపోయిన సందర్భాలు మా బృందంలో చాలా ఉన్నాయి.

ఈ మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమైనది తిరిగి చెప్పడం. ఇద్దరిద్దరుగా, వేర్వేరు మతాలవారిని జతచేయండి. ఒకరు చెప్పిన మాటను రెండోవారు తమ నోటితో, వ్యాఖ్య లేకుండా, అందరికీ వినిపించాలి. చెప్పిన మనిషి "అవును, నేనన్నది అదే" అనేంతవరకూ సరిదిద్దుకుంటూ పోవాలి. మొదట్లో ఇది పిల్లల ఆటలాగా అనిపిస్తుంది. రెండు సమావేశాలు గడిస్తే, మనం వినే దానిలో ఎంత భాగం మన మనసులో ముందే ఉన్న బొమ్మ అన్నది స్పష్టంగా కనపడుతుంది. మా దగ్గర ఒక పెద్దాయన "వాళ్లు మేరీమాతను పూజిస్తారట" అని తిరిగి చెప్పారు. చెప్పిన అమ్మాయి తల అడ్డంగా ఊపి, "పూజించం అంకుల్, మా కోసం ప్రార్థించమని ఆమెను అడుగుతాం" అంది. ఆయన మళ్లీ చెప్పారు, మళ్లీ తప్పింది. మూడోసారి కుదిరింది. ఆ ఐదు నిమిషాల్లో ఆయన నేర్చుకున్నది ఏ ప్రసంగమూ నేర్పగలిగింది కాదు.

సమయం చాలకపోతే ప్రశ్నల భాగాన్ని కుదించండి. తిరిగి చెప్పే భాగాన్ని ఎన్నడూ కుదించవద్దు.

6. ఆరు సమావేశాలకు ఆరు ప్రశ్నలు

ఈ క్రమాన్ని మార్చవద్దని నా మనవి. తేలికైనది ముందు, బరువైనది తర్వాత.

మొదటి సమావేశం: చిన్నప్పుడు పక్క మతంవారి పండుగలో మీరు ఏం చేశారు? తెలుగు ప్రాంతాల నుంచి వచ్చినవారికి ఇది తలుపులు తెరిచే ప్రశ్న. అనంతపురం, కడప వైపువారికి పీర్ల పండుగ గుర్తొస్తుంది. నెల్లూరువారు మొహర్రంలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకున్న రోజును చెబుతారు. ఉగాది నాడు దేవుని కడప వేంకటేశ్వరుణ్ని దర్శించుకునే ముస్లిం కుటుంబాల గురించి ఒకరు, ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాలకు వెళ్లి కొబ్బరికాయ కొట్టిన అమ్మమ్మ గురించి మరొకరు చెబుతారు. కొందరికి ఇలాంటి జ్ఞాపకం ఏదీ ఉండదు. అది కూడా చెప్పదగిన జవాబే.

రెండోది: రోజూ మీరు చేసే ప్రార్థన లేదా ఆచారం ఏది, ఎవరు నేర్పారు? దీని గురించి పెద్దగా చెప్పవలసింది లేదు, సాఫీగా సాగిపోతుంది.

మూడోది: తిండి, ఉపవాసం. నైవేద్యం సంగతి మాకు ఇక్కడే తెలిసింది. వినాయక చవితికి మేము ప్రతి ఏడాదీ ఎదురింటికి పులిహోర, ఉండ్రాళ్లు పంపేవాళ్లం. వారు నవ్వుతూ తీసుకునేవారు. మూడో సమావేశంలో ఆ ఇంటావిడ, తన విశ్వాసం ప్రకారం దేవుడి ముందు పెట్టినది తాను తినకూడదని, ఇన్నేళ్లూ మా పళ్లెం పనమ్మాయికి ఇచ్చేదాన్నని, చెబితే మేము నొచ్చుకుంటామని చెప్పలేకపోయానని, తల దించుకుని చెప్పింది. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ ఏడాది నుంచి మా ఇంట్లో పులిహోర కలపగానే నైవేద్యానికి ముందే ఒక స్టీలు డబ్బాలోకి కొంత తీసి, మూత పెట్టి, వంటగది గట్టు మీద వేరుగా ఉంచుతున్నాం. ఆ డబ్బా ఎదురింటిది. పూజ అయ్యేదాకా దాన్ని ఎవరూ దేవుడి గదిలోకి తీసుకుపోకుండా మా అమ్మ కాపలా కాస్తుంది. ఇప్పుడు డబ్బా ఖాళీగా తిరిగి రాదు, బక్రీదుకు సేమియా పాయసంతో వస్తుంది.

నాలుగోది: పుట్టుక, పెళ్లి, చావు. దీనికి రెండు సమావేశాలు పట్టినా పట్టనివ్వండి. పక్కింట్లో చావు జరిగినప్పుడు ఎప్పుడు వెళ్లాలో, ఏమనాలో, ఏం చేయకూడదో తెలియక చాలామంది అసలు వెళ్లడమే మానేస్తారు. ముస్లింలు వీలైనంత త్వరగా, సాధారణంగా అదే రోజు ఖననం చేస్తారు కాబట్టి సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక వెళ్దామనుకుంటే ఆలస్యమవుతుంది. హిందువుల ఇంట్లో చావు పరామర్శ తర్వాత "వెళ్లొస్తాం" అనకూడదు. క్రైస్తవుల ఇళ్లలో ప్రార్థన జరుగుతుంటే అది ముగిసేదాకా నిలబడి ఉండటం మర్యాద. ఇలాంటివన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. మా బృందంలో ఎక్కువసార్లు తెరిచే పేజీలు ఇవే.

ఐదోది: నా మతం గురించి విని నొచ్చుకున్న ఒక మాట. ఎవరన్నారో పేరు చెప్పకూడదు, మాట మాత్రమే చెప్పాలి. ఈ రోజున ప్రశ్నల భాగం ఉండదు, తిరిగి చెప్పడం మాత్రమే.

ఆరోది: కలిసి ఉండే చోట ఏం మార్చుకుందాం? మైకులు, టపాసులు, బక్రీదు, క్రిస్మస్ కేరల్స్, అద్దెకు ఇల్లు ఇవ్వడంలో మతం చూడటం, ఇవన్నీ ఇక్కడ చర్చకు వస్తాయి. చట్టం ఏమంటుందో ముందే తెలుసుకుని రండి. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లపై సాధారణంగా నిషేధం ఉంది. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. ఇది మండపానికి, మసీదుకు, చర్చికి, పెళ్లి ఊరేగింపుకు ఒకేలా వర్తిస్తుందని అందరి ముందూ చదవండి. ఒక్కరికే వర్తించినట్టు మాట్లాడటంతోనే తగాదా మొదలవుతుంది.

7. తరచుగా జరిగే పొరపాట్లు, వాటి సవరణలు

ఒకరిని దేశాలకూ చరిత్రకూ బాధ్యులను చేయడం. మా మొదటి సమావేశంలోనే జరిగింది. ఒక ముస్లిం ఉపాధ్యాయిని తన ఊరి రంజాన్ గురించి చెబుతుండగా, ఒకాయన వేరే దేశంలో జరిగిన ఒక దాడి గురించి ఎత్తి "దీనికి మీరేమంటారు?" అన్నారు. నిర్వాహకుణ్నైన నేను ఆపలేదు, మర్యాదకు ఊరుకున్నాను. ఆమె రెండు నెలలు రాలేదు. ఆ మౌనం నా తప్పే. సవరణ: ప్రశ్న పూర్తి కాకముందే చేయెత్తి, "రెండో నియమం" అని రెండే మాటలు అనండి. వివరణ ఇవ్వకండి. ఆ తర్వాత ఇద్దరు నిర్వాహకులూ కలిసి నొచ్చుకున్న మనిషి ఇంటికి వెళ్లండి, ఫోనులో క్షమాపణతో సరిపెట్టుకోకండి.

"అన్ని మతాలూ ఒకటే చెబుతాయి" అని ముగించేయడం. మంచి మాటలాగే వినిపిస్తుంది గానీ సంభాషణను అక్కడే ఆపేస్తుంది. సవరణ: "ఎక్కడ ఒకటి, ఎక్కడ వేరు, ఒక్కొక్క ఉదాహరణ చెప్పండి" అని అడగండి.

వాట్సాప్ గ్రూపు. తేదీలకు, వేళలకు మాత్రమే వాడండి, నిర్వాహకులు మాత్రమే రాసేలా అమర్చండి. పండుగ శుభాకాంక్షలు కూడా వద్దు. ఒక పండుగకు ముప్పై, మరొక పండుగకు మూడు వచ్చాయని లెక్కపెట్టేవారు ఉంటారు, వారి బాధలో న్యాయం ఉంది. మతాల మధ్య శత్రుత్వం రెచ్చగొట్టే సందేశాలు పంపడం నేరమని కూడా అందరికీ తెలియాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 196వ సెక్షన్ మతాల మధ్య వైరం పెంచడాన్ని, 299వ సెక్షన్ మతవిశ్వాసాలను ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో అవమానించడాన్ని శిక్షార్హం చేశాయి.

పిల్లలను ప్రదర్శనకు పెట్టడం. నాలుగు వేషాలు వేయించి ఫొటో తీయడం చూడముచ్చటగా ఉండవచ్చు. దానివల్ల పిల్లలకు అర్థమయ్యేది, మతమంటే టోపీ, బొట్టు, శిలువ, తలపాగా అని. వారిని తీసుకురావాలనిపిస్తే మూడో సమావేశానికి, తిండి దగ్గరికి తీసుకురండి.

8. ప్రార్థనా స్థలాలకు వెళ్లేటప్పుడు

ఆరు సమావేశాల తర్వాతే వెళ్లండి. బెంగళూరులో ఇందుకు అవకాశాలకు కొదవలేదు: హలసూరు చెరువు పక్కన గురుద్వారా, శివాజీనగర్‌లో సెయింట్ మేరీస్ బసిలికా, సిటీ మార్కెట్ దగ్గర జామియా మసీదు, గాంధీనగర్‌లో మహాబోధి సొసైటీ. చైత్రమాసంలో ధర్మరాయస్వామి ఆలయం నుంచి బయలుదేరే కరగ ఊరేగింపు తవక్కల్ మస్తాన్ దర్గాకు వెళ్లే రాత్రి బృందంగా వెళ్లాలనుకుంటే జనసందోహం విపరీతంగా ఉంటుందని గుర్తుంచుకుని, పెద్దవారిని పగటిపూట విడిగా తీసుకెళ్లండి.

బయలుదేరే ముందు చూసుకోవలసినవి:

- ఆ స్థలం నిర్వాహకులతో ముందుగా మాట్లాడారా? స్త్రీలు ఎక్కడిదాకా రావచ్చు, ఇతర మతాలవారు ఎక్కడిదాకా రావచ్చు అని అడిగారా? తిరుమలలో అన్యమతస్థులు డిక్లరేషన్ ఇవ్వవలసి ఉన్నట్టే ఒక్కో చోటికి ఒక్కో నియమం ఉంటుంది. అది నచ్చకపోతే ఆ చోటికి వెళ్లకుండా ఉండవచ్చు, గుమ్మం దగ్గర వాదించకూడదు.
- తల కప్పుకోవడానికి అందరి దగ్గరా శుభ్రమైన రుమాలు లేదా చున్నీ ఉందా?
- కాథలిక్ చర్చిలో దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్) ఇచ్చేటప్పుడు ఇతరులు వరుసలో నిలబడకూడదని చెప్పారా? మన గుళ్లో ప్రసాదంలాగా అనుకుని చేయిచాచేవారు ఉంటారు.
- ఫోన్లు సంచిలో పెట్టారా?
- తమ విశ్వాసం ఒప్పుకోక బయటే ఉండిపోతామనేవారి కోసం ఎవరు తోడుంటారో తేల్చారా? వారిని ఒంటరిగా వదలకండి.

9. గొడవ వచ్చిన రోజు

ఒక వీడియో, ఒక పుకారు, ఒక మండపం దగ్గర మాటామాటా. ఆ మొదటి గంటలో చేయవలసిన పనుల వరుస ఇది.

1. గ్రూపులో ఏమీ రాయవద్దు, ఖండనతో సహా.
2. ఇద్దరు నిర్వాహకులు ఒకరికొకరు ఫోను చేసుకోవాలి. ఎవరు చూశారు, ఎప్పుడు, ఎక్కడ అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికేదాకా మరొకరికి చెప్పవద్దు.
3. దెబ్బలాట జరిగే సూచన ఉంటే వెంటనే 112కు ఫోను చేయండి. సర్దిచెప్పగలమనే ధీమాతో ఆలస్యం చేయవద్దు.
4. ఇద్దరూ కలిసి కిందికి దిగి, జనం కనబడేచోట పక్కపక్కన నిలబడండి.
5. సంగతి సర్దుమణిగాక, నొచ్చుకున్న ఇంటికి అవతలి మతానికి చెందినవారు ముందుగా వెళ్లాలి.

నిరుడు చవితి మండపం స్పీకరు ఎదురుగా ఉన్న బ్లాకులోకి, ఆస్పత్రి నుంచి ఒక వృద్ధుణ్ని చివరి రోజుల కోసం ఇంటికి తెచ్చారు. అది క్రైస్తవ కుటుంబం. అంతకుముందైతే అసోసియేషన్‌కు ఫిర్యాదు, దానికి జవాబుగా మండపం కుర్రవాళ్ల నినాదాలు, ఆ పైన గ్రూపులో నూటయాభై సందేశాలు వచ్చేవి. ఈసారి ఆయన కోడలు మా బృందంలోని ఒకావిడకు ఫోను చేసింది, ఆవిడ మండపం దగ్గరికి నడిచి వెళ్లి చెప్పింది. కుర్రవాళ్లు స్పీకరును ప్రహరీగోడ వైపు తిప్పి, సాయంత్రం భజన తగ్గుస్థాయిలో పాడుకున్నారు. నిమజ్జనం ఊరేగింపు ఆ బ్లాకు ముందుకు రాగానే డప్పులు ఆగాయి, మలుపు దాటాక మళ్లీ మొదలయ్యాయి.

10. ఆరు సమావేశాల తర్వాత

బెంగళూరులో అద్దె ఒప్పందం చాలావరకు పదకొండు నెలలది. మీ బృందంలో సగంమంది ఏడాది తిరిగేసరికి మరో చోటికి వెళ్లిపోవచ్చు. అందువల్ల ఆరు సమావేశాలు పూర్తికాగానే కొత్తగా ఇద్దరు నిర్వాహకులను ఎన్నుకుని, పాతవారిలో నలుగురు ఉండగా, కొత్తగా మరో ఆరుగురిని తలుపు తట్టి పిలవండి. మళ్లీ మొదటి ప్రశ్న నుంచే మొదలుపెట్టండి, పాతవారికి విసుగు వస్తుందని దాన్ని దాటవేయకండి.

నోటుపుస్తకాన్ని కొత్తవారికి అప్పగించేముందు అందులో వ్యక్తుల పేర్లున్న పేజీలు తీసేయండి. ఏ ఇంట్లో ఏది తినరో, ఏ పండుగకు ఏ వేళలో తలుపు తట్టకూడదో, చావు జరిగిన ఇంటికి ఎప్పుడు వెళ్లాలో రాసిన పేజీలు మాత్రం ఉంచండి. కొత్త నిర్వాహకుల ఫోను నంబర్లు రెండూ ఆ పుస్తకం మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాసి, అదే కాగితాన్ని సెక్యూరిటీ గదిలో కూడా అతికించండి.